సుంకం కంటే సాఫ్ట్‌వేరే పెద్ద అడ్డు: అమెరికాలో చైనా కార్ల సంగతి

అమెరికా రోడ్ల మీద చైనా కార్లు లేవని అంటుంటారు. అందులో సగమే నిజం. జనరల్ మోటార్స్ అమ్మే బ్యూయిక్ ఎన్విజన్ ఎస్‌యూవీ 2016 నుంచీ చైనాలోని యాన్‌టైలో తయారై, ఓడెక్కి అమెరికా షోరూములకు వచ్చింది. ఫోర్డ్ సంస్థకు చెందిన లింకన్ నాటిలస్ 2024 మోడల్ నుంచి హాంగ్‌జౌలో తయారైంది. వీటికన్నా ముందే, 2015లో, వోల్వో తన ఎస్60 సెడాన్లను చెంగ్డూ ఫ్యాక్టరీ నుంచి అమెరికాకు పంపింది. ముందు అద్దం కింద మూలన కనిపించే వాహన గుర్తింపు సంఖ్య ‘ఎల్’ అక్షరంతో మొదలైతే ఆ బండి చైనాలో తయారైనట్టే. షోరూముకు వెళ్లినవాళ్ల కళ్లు మాత్రం బానెట్ మీదున్న బ్యూయిక్ గుర్తు దగ్గరే ఆగిపోతాయి.

కాబట్టి అమెరికాలో లేనిది చైనాలో తయారైన కారు కాదు, చైనా పేరుతో అమ్ముడయ్యే కారు. ఏటా దాదాపు 1.6 కోట్ల కొత్త వాహనాలు అమ్ముడయ్యే మార్కెట్ అది. అక్కడ బీవైడీకి గానీ, చెరీకి గానీ, షావోమీకి గానీ మామూలు కొనుగోలుదారు వెళ్లి కారు కొనుక్కునే షోరూము ఒక్కటీ లేదు. ఈ పరిస్థితి మారుతుందా అని అడిగితే చాలామంది ముందుగా సుంకాల లెక్క తీస్తారు. సుంకం పెద్దదే, కాదనలేం. కానీ దాన్ని రేపు ఎత్తేసినా చైనా కారు అమెరికాలో అడుగుపెట్టలేదు. అసలు తాళం వేరే చోట పడింది.

దాని దగ్గరికి వెళ్లే ముందు పాత కథ కొంత తెలియాలి. చైనా కంపెనీలు అమెరికా మీద కన్నేసి ఇరవై ఏళ్లు దాటింది. అంతకుముందు సుబారు, యుగో కార్లను అమెరికాకు తెచ్చిన మాల్కమ్ బ్రిక్లిన్ 2005లో చెరీతో ఒప్పందం కుదుర్చుకుని, 2007 నుంచి ఏటా రెండున్నర లక్షల కార్లు దిగుమతి చేస్తానన్నాడు. ఒక్క కారూ రాలేదు, చివరికి వ్యవహారం కోర్టుకెక్కింది. 2006లో గీలీ, అమెరికా కార్ల పరిశ్రమకు కేంద్రమైన డెట్రాయిట్‌లో జరిగే ఆటో షోలో చిన్న సెడాన్ ఒకటి నిలబెట్టి, రెండేళ్లలో 10,000 డాలర్ల లోపు ధరకు అమ్ముతామంది. ఆ తర్వాత బీవైడీ వచ్చింది, జీఏసీ వచ్చింది, జోటై వచ్చింది. అందరూ తేదీలు చెప్పారు, అందరూ వాయిదాలు వేశారు. కోడా అనే కాలిఫోర్నియా కంపెనీ చైనా సెడాన్ బాడీలో బ్యాటరీ అమర్చి 2012లో 37,250 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. పట్టుమని రెండొందలు కూడా అమ్ముడుపోక మరుసటి ఏడాదే దివాలా తీసింది.

అప్పుడు అడ్డం పడింది రాజకీయం కాదు, కార్ల నాణ్యత. 2005లో జర్మనీ మోటారు సంఘం ఏడీఏసీ, చైనా తయారీ ల్యాండ్‌విండ్ ఎస్‌యూవీని గోడకు గుద్దించి పరీక్షిస్తే డ్రైవరు కూర్చునే చోటు నుజ్జునుజ్జయింది. ఆ దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. అమెరికాలో కారు అమ్మాలంటే ఆ దేశపు ఫెడరల్ భద్రతా ప్రమాణాలకు సరిపోవాలి. యూరప్‌లో అనుమతి ఉన్నంత మాత్రాన అక్కడ చెల్లదు. అందుకు తగ్గట్టు బండిని మార్చే స్తోమత ఆనాటి చైనా కంపెనీలకు లేదు. అప్పట్లో అమెరికా ప్రభుత్వం ప్రయాణికుల కార్ల మీద వేసే సుంకం 2.5 శాతమే. తలుపు తెరిచే ఉంది, లోపలికి వెళ్లగల సరుకే లేదు. ఇప్పుడు సరుకు ఉంది, తలుపు మూసుకుంది.

ఆ సరుకు ఎలాంటిదో చూడాలంటే బీవైడీ సీగల్‌ని చూస్తే చాలు. 2023 ఏప్రిల్‌లో చైనాలో 73,800 యువాన్ల ప్రారంభ ధరతో వచ్చింది. అంటే అప్పటి మారకంలో సుమారు 10,500 డాలర్లు. నలుగురు కూర్చోవచ్చు. ముందు అద్దానికి ఒకటే వైపర్. 55 కిలోవాట్ల మోటారు, 30 లేదా 38.9 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. చైనా కొలత ప్రకారం ఒక ఛార్జింగ్‌తో 305 నుంచి 405 కిలోమీటర్లు. ఖర్చు తగ్గించిన చోటల్లా ఆలోచించి తగ్గించారు. బ్యాటరీ, మోటారు, ఎలక్ట్రానిక్స్ చాలావరకు బీవైడీవే. డెట్రాయిట్ కంపెనీలకు పోటీ కార్లను విప్పి విశ్లేషించి పెట్టే కేర్‌సాఫ్ట్ అనే సంస్థ ఈ కారు తెప్పించి నట్టూ బోల్టూ ఊడదీసింది. చవక సరుకు ఆనవాళ్లు దొరుకుతాయేమోనని చూస్తే, చిన్నదైనా పొందికగా కట్టిన బండి కనిపించింది. యూరప్ కోసం కాస్త పొడవు పెంచి, ఎయిర్‌బ్యాగులు చేర్చి డాల్ఫిన్ సర్ఫ్ పేరుతో దింపిన రూపానికి 2025లో యూరప్‌లో కార్ల భద్రతను పరీక్షించే సంస్థ యూరో ఎన్‌క్యాప్ ఐదు నక్షత్రాలు ఇచ్చింది. ల్యాండ్‌విండ్ రోజులకూ దీనికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఇంత మార్పు ఊరికే రాలేదు. బీవైడీ 1995లో షెన్‌జెన్‌లో బ్యాటరీల కంపెనీగా మొదలైంది, కార్లలోకి తర్వాత దిగింది. ఎలక్ట్రిక్ కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం బ్యాటరీ. నికెల్, కోబాల్ట్ అవసరం లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని చవగ్గా, పెద్ద ఎత్తున చేయడంలో చైనాను మించినవాళ్లు లేరు. 2009 నుంచి 2022 చివరి దాకా కేంద్ర ప్రభుత్వం కొనుగోలుదారులకు సబ్సిడీలిచ్చింది, స్థానిక ప్రభుత్వాలు భూమి, అప్పులు సమకూర్చాయి. ఆ ధైర్యంతో పదుల కొద్దీ కంపెనీలు పుట్టుకొచ్చాయి. సొంత దేశంలో అమ్ముకోగలిగినదానికన్నా ఎక్కువ తయారుచేసే స్థితి వచ్చింది. ధరల యుద్ధం మొదలై లాభాలు కరిగాయి. ఇక విదేశాల మీద పడక తప్పలేదు. 2023లో కార్ల ఎగుమతిలో చైనా జపాన్‌ను దాటేసింది. సబ్సిడీల వల్లే ఇదంతా అనడం సులువు, అమెరికా నాయకులు అదే అంటారు కూడా. కానీ సబ్సిడీ ఒక్కటే మంచి కారును చేయలేదు. ఫోర్డ్ అధిపతి జిమ్ ఫార్లీ షావోమీ ఎస్‌యూ7ని షాంఘై నుంచి తెప్పించుకుని ఆరు నెలలు నడిపి, వదిలిపెట్టబుద్ధి కావడం లేదని 2024లో బహిరంగంగానే చెప్పాడు. పోటీదారుడి నోటి నుంచి వచ్చిన ఆ మాటకు విలువ ఇవ్వాలి.

ఇక సుంకాల లెక్క. 2018లో ట్రంప్ ప్రభుత్వం చైనా కార్ల మీద అదనంగా 25 శాతం వేసింది. 2024 సెప్టెంబరులో బైడెన్ ప్రభుత్వం ఎలక్ట్రిక్ కార్లకు దాన్ని 100 శాతం చేసింది. మళ్లీ అధికారంలోకి వచ్చిన ట్రంప్ 2025 ఏప్రిల్‌లో దిగుమతి కార్ల మీద మరో 25 శాతం మోపాడు. జపాన్, యూరప్, కొరియా బేరాలాడి దాన్ని 15కు తగ్గించుకున్నాయి, చైనాకు ఆ వెసులుబాటు రాలేదు.

అయినా 2024 నాటి 102.5 శాతాన్నే (ఆ 100కు పాత 2.5 కలిపి) తీసుకుని సీగల్ మీద వేసి చూస్తే ఒక విషయం తేలుతుంది. 10,500 డాలర్ల బండి 21,000 పైచిలుకు అవుతుంది. ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా చవకైన ఎలక్ట్రిక్ కారు నిస్సాన్ లీఫ్. దాని ధర 28,000 డాలర్ల పైమాటే. అంటే ధర రెట్టింపయ్యాక కూడా చైనా కారే చవక.

ఈ లెక్క వినడానికి బాగుంటుంది గానీ, పూర్తిగా నమ్మకూడదు. 10,500 అనేది చైనా ధర. అదే బండి 2024 ఫిబ్రవరిలో డాల్ఫిన్ మినీ పేరుతో మెక్సికోలో 3,58,800 పెసోలకు, అంటే సుమారు 21,000 డాలర్లకు అమ్మకానికొచ్చింది. ఓడ ఖర్చు, డీలరు వాటా, వారంటీ, అమెరికా భద్రతా ప్రమాణాలకు తగ్గ మార్పులు అన్నీ కలిస్తే సుంకం లేకపోయినా 20,000 దగ్గర తేలుతుంది. పది వేల డాలర్ల చైనా కారు అమెరికాను ముంచెత్తుతుందన్న ప్రచారం ఒట్టి భయమే. నిజమైన ధర ఇరవై వేలు అనుకున్నా సరే, అమెరికా కంపెనీలకు టెన్షన్ పెట్టడానికి అది చాలు. ఎందుకంటే ఆ ధరకు అక్కడ దాదాపు ఏమీ దొరకదు.

2025 సెప్టెంబరులో అమెరికాలో కొత్త కారు సగటు ధర మొదటిసారి 50,000 డాలర్లు దాటింది. చవకైన చిన్న కార్లలో మిత్సుబిషి మిరాజ్ మార్కెట్ నుంచి పోయింది. నిస్సాన్ వర్సా తయారీ 2025 చివర్లో ఆగింది. ఎలక్ట్రిక్ కార్లకిచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ అదే సెప్టెంబరు 30తో ముగిసింది. సొంత కారు లేకపోతే ఉద్యోగానికి వెళ్లడమే కష్టమైన దేశంలో, నర్సుకూ టీచరుకూ గోదాము కార్మికుడికీ అందుబాటులో ఉండే కొత్త చిన్న కారు లేకుండా పోవడం చిన్న విషయం కాదు. ఈ చర్చలో డెట్రాయిట్ ఉద్యోగాల గురించి వినిపించినంత గట్టిగా ఈ మాట వినిపించదు. వినిపించాలి.

రక్షణ గోడ కడితే లోపలి కంపెనీలు ఏం చేస్తాయో అమెరికాకు అనుభవమే. 1964లో కోళ్ల ఎగుమతి మీద యూరప్‌తో వచ్చిన తగాదాలో అమెరికా తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగాదాను జనం మరిచిపోయారు, సుంకం మాత్రం అరవై ఏళ్లు దాటినా పోలేదు. దాని నీడలో డెట్రాయిట్ కంపెనీలు పికప్ ట్రక్కుల మీదే లాభాలు దండుకున్నాయి, చిన్న కార్లను ఒక్కొక్కటిగా వదిలేశాయి. చైనా మీద ఇప్పుడు కట్టిన గోడ కూడా అదే పని చేసే ప్రమాదం ఉంది. గోడ వల్ల దొరికే గడువును చవకైన కారు తయారు చేయడం నేర్చుకోవడానికి వాడితే దానికొక అర్థం ఉంటుంది. మరో పెద్ద ట్రక్కు అమ్ముకోవడానికి వాడితే నష్టపోయేది కొనేవాడే.

ఇక అసలు తాళం సంగతి. 2025 జనవరి 14న, బైడెన్ పదవి దిగడానికి వారం ముందు, అమెరికా వాణిజ్య శాఖ కనెక్టెడ్ వాహనాల మీద తుది నిబంధన ప్రకటించింది. బ్లూటూత్, సెల్ నెట్‌వర్క్, వైఫై, ఉపగ్రహం ద్వారా బయటి ప్రపంచంతో మాట్లాడే వ్యవస్థలో గానీ, కారును దానంతటదే నడిపే వ్యవస్థలో గానీ చైనా లేదా రష్యాతో సంబంధమున్న సాఫ్ట్‌వేర్ 2027 మోడల్ నుంచి ఉండకూడదు. కమ్యూనికేషన్ హార్డ్‌వేర్‌కు గడువు 2030 మోడల్. నేటి కార్లలో ఇవేవీ లేని కారు దాదాపు లేదు.

అన్నిటికన్నా బలమైన వాక్యం వేరే ఉంది. చైనా యాజమాన్యంలో లేదా నియంత్రణలో ఉన్న కంపెనీ ఇలాంటి వాహనాలను 2027 మోడల్ నుంచి అమెరికాలో అమ్మకూడదు, వాటిని అమెరికా గడ్డ మీదే తయారుచేసినా సరే. సుంకం సరిహద్దు దగ్గర ఆపుతుంది. డబ్బు కట్టి దాటవచ్చు, లేదా లోపలే ఫ్యాక్టరీ కట్టి తప్పించుకోవచ్చు. ఈ నిబంధన మాత్రం కంపెనీ యజమాని ఎవరని అడుగుతుంది. దానికి డబ్బుతో జవాబు చెప్పలేరు. వాణిజ్య శాఖ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవడం ఒక్కటే దారి.

భద్రత పేరుతో చేసిన వ్యాపార రక్షణ అని చైనా అంటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ భయానికి ఆధారం లేదనలేం. ఇవాళ్టి కారుకు చుట్టూ కెమెరాలు, లోపల మైకు, ఎప్పుడూ పనిచేసే జీపీఎస్ ఉంటాయి, దూరం నుంచే సాఫ్ట్‌వేర్ మార్చే వీలుంటుంది. చైనా కూడా 2021లో తన సైనిక ప్రాంగణాల్లోకి టెస్లా కార్లను రానివ్వలేదు. రెండు దేశాల భయమూ ఒకటే.

ఈ నిబంధన దెబ్బ ముందుగా తగిలింది అమెరికా పేరున్న కంపెనీలకే. ఎన్విజన్ తర్వాతి తరాన్ని 2028 నుంచి కాన్సాస్‌లోని ఫెయిర్‌ఫాక్స్ ఫ్యాక్టరీకి మారుస్తామని జనరల్ మోటార్స్ ప్రకటించింది. స్వీడన్ పేరున్న వోల్వోది ఇంకా చిక్కు. సౌత్ కరోలైనాలో 2018 నుంచి దానికి ఫ్యాక్టరీ ఉంది, అమెరికా కార్మికులున్నారు, దశాబ్దాల పేరుంది. కానీ 2010 నుంచి యజమాని చైనా కంపెనీ గీలీ.

జపాన్ వాళ్లు వచ్చిన దారిలోనే చైనా వాళ్లూ వస్తారని వాదించేవారున్నారు. ఆ పోలిక కొంతదూరం సరిపోతుంది. 1981లో అమెరికా ఒత్తిడికి లొంగి జపాన్ తన కార్ల ఎగుమతిని ఏటా 16.8 లక్షలకు తానే పరిమితం చేసుకుంది. హోండా 1982లో ఒహాయోలోని మేరీస్‌విల్‌లో, నిస్సాన్ 1983లో టెనెసీలోని స్మర్నాలో తయారీ మొదలుపెట్టాయి. టొయోటా 1984లో జనరల్ మోటార్స్‌తో కలిసి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కార్లు చేసింది (ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు టెస్లాది), 1988లో కెంటకీలో సొంతంగా మొదలుపెట్టింది. ఎక్కడ వ్యతిరేకత వచ్చిందో అక్కడే ఉద్యోగాలిచ్చి నిలదొక్కుకున్నారు. అయితే అప్పటి కోపం కూడా మామూలుది కాదు. 1982లో డెట్రాయిట్ దగ్గర విన్సెంట్ చిన్ అనే చైనా మూలాలున్న అమెరికన్ యువకుణ్ణి, జపాన్ కార్ల మీద కసితో, కార్ల పరిశ్రమకు చెందిన ఇద్దరు కొట్టి చంపారు. వాళ్లు ఒక్కరోజు కూడా జైలుశిక్ష అనుభవించలేదు. కార్ల గొడవ మనుషుల రంగు మీదికి, ముఖాల మీదికి మళ్లితే ఏమవుతుందో ఆ ఘటన చెబుతుంది. నేడు చైనా కార్ల మీద మాట్లాడే నాయకులు దాన్ని మరిచిపోకూడదు.

పోలిక తెగిపోయేది ఒక్క చోట. జపాన్ అమెరికాకు మిత్రదేశం, అమెరికా సేనలు జపాన్‌లోనే ఉన్నాయి. చైనా ప్రత్యర్థి. ఫ్యాక్టరీ కడితే ఆ సంగతి మాసిపోదు. 2026 జనవరిలో డెట్రాయిట్‌లో మాట్లాడుతూ, చైనా కంపెనీలు వచ్చి ఇక్కడే ఫ్యాక్టరీలు కట్టి మనవాళ్లకు ఉద్యోగాలిస్తే మంచిదే, రానివ్వండి అన్నాడు ట్రంప్. అధ్యక్షుడు ఇలా అంటుంటే, అదే ప్రభుత్వం చేతిలో ఉన్న నిబంధన ఒప్పుకోనంటోంది. ఈ రెండిటిలో ఏది వంగుతుందన్నదే రాబోయే రోజుల్లో చూడాల్సింది.

మెక్సికోలో తయారుచేసి అమెరికాలోకి తెచ్చే దొడ్డిదారి కూడా మూసుకుపోతోంది. అక్కడ ఫ్యాక్టరీ పెట్టాలన్న ఆలోచనను బీవైడీ 2025లో పక్కన పెట్టింది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం లేని దేశాల కార్ల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచుతూ మెక్సికో పార్లమెంటు అదే ఏడాది డిసెంబరులో చట్టం చేసింది. కెనడా మాత్రం ఎదురు దిశలో నడిచింది. 2024లో అమెరికాతో పాటే 100 శాతం సుంకం వేసిన ఆ దేశం, 2026 జనవరిలో ప్రధాని మార్క్ కార్నీ బీజింగ్ వెళ్లినప్పుడు ఏటా 49,000 చైనా ఎలక్ట్రిక్ కార్లను 6.1 శాతం సుంకంతో రానిచ్చేందుకు ఒప్పుకుంది. బదులుగా చైనా కెనడా ఆవగింజల జాతి కనోలా మీద సుంకం తగ్గిస్తుంది. డెట్రాయిట్ నదికి అవతలి ఒడ్డున ఉన్నది కెనడా నగరం విండ్సరే. అక్కడ ఇరుగుపొరుగు చైనా కారు ఎంతకు కొన్నారో మిషిగన్ కార్మికుడికి తెలియకుండా ఎవరూ ఆపలేరు.

తలుపు తెరుచుకున్నా అమ్మకాలు వాటంతటవే రావు. దీనికి హ్యుండాయ్ కథే సాక్ష్యం. 1986లో 4,995 డాలర్ల ఎక్సెల్ అనే చిన్న కారుతో వచ్చి మొదటి ఏడాదే 1,68,882 కార్లు అమ్మింది. తర్వాత రిపేర్లు మొదలై పేరు చెడింది. పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడానికి 1998లో పదేళ్ల వారంటీ ప్రకటించాల్సి వచ్చింది. చదువుకోవడానికి అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థులను చూసినా ఈ సంగతి తెలుస్తుంది. మొదటి కారు అనగానే సీనియర్లు చెప్పేది పాత కరోలానో, క్యామ్రీనో, సివిక్‌నో. ఏ ఊళ్లోనైనా మెకానిక్‌కు తెలిసిన బండి, పార్టులు దొరికే బండి, అమ్మితే మంచి ధర పలికే బండి. ఆ పేరు జపాన్ కంపెనీలకు నలభై ఏళ్లకు వచ్చింది. బీవైడీ ఎంత చవగ్గా ఇచ్చినా ఆ నలభై ఏళ్లను ఒక్క సీజన్‌లో కొనలేదు.

అందుకే ఈ దశాబ్దంలో చైనా పేరుతో అమెరికాలో కార్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో అమ్ముడవుతాయని ఆశించడం కష్టం. చైనా సాంకేతికత సంగతి వేరు. అది ఇప్పటికే లోపల అడుగుపెట్టింది. మిషిగన్‌లోని మార్షల్ దగ్గర ఫోర్డ్ కట్టిన బ్యాటరీ ఫ్యాక్టరీ ఫోర్డ్ సొంతమే, పరిజ్ఞానం మాత్రం చైనా కంపెనీ సీఏటీఎల్ నుంచి లైసెన్సు మీద తెచ్చుకున్నది. అదే సీఏటీఎల్‌ను 2025 జనవరిలో పెంటగాన్ చైనా సైన్యంతో సంబంధమున్న కంపెనీల జాబితాలో చేర్చింది, అయినా లైసెన్సు కొనసాగింది.

హైదరాబాద్‌లో ఈ పద్ధతి ఎప్పుడో మొదలైంది. మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి 100 కోట్ల డాలర్లతో కార్ల ఫ్యాక్టరీ పెడతామన్న బీవైడీ ప్రతిపాదనను 2023లో కేంద్రం తిరస్కరించింది. అప్పటికే బీవైడీ సాంకేతికతతో మేఘా గ్రూపు కంపెనీ ఓలెక్ట్రా చేసిన ఎలక్ట్రిక్ బస్సులు నగరం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి ప్రయాణికులను చేరవేస్తున్నాయి.

మార్షల్ బ్యాటరీలతో ఫోర్డ్ తన లూయిస్‌విల్ ఫ్యాక్టరీలో సుమారు 30,000 డాలర్ల ఎలక్ట్రిక్ పికప్ చేసి 2027లో అమ్మకానికి పెడతామని చెప్పింది. ఆ ధర నిలబడితే, చైనా దగ్గర నేర్చుకున్నది చవకగా అమెరికా వాకిట్లోకి చేరినట్టే. నిలబడకపోతే, కెనడాలో దొరికే కారు మాకెందుకు దొరకదని అడిగేవాళ్ల సంఖ్య పెరుగుతుంది, వాళ్లకు జవాబు చెప్పాల్సిన బాధ్యత వాషింగ్టన్ మీద పడుతుంది.